మైనస్ వీ అంటే ఏంటో నాకు తెలుసనుకున్నా

మన పత్రికలో కవితలు, కథలు, పుస్తక సమీక్షలు వస్తాయి. నేను టెర్మినల్ మీద వ్యాసం రాస్తానంటే ఎడిటర్ అక్క ఒక నిమిషం ఆలోచించి, "రాయి, కానీ చదివేవాళ్లలో మెకానికల్ వాళ్లు, సివిల్ వాళ్లు కూడా ఉంటారు, గుర్తుపెట్టుకో" అంది. గుర్తుపెట్టుకునే రాస్తున్నాను. ఇంకో మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే అక్క దిద్దుతుంది, దిద్దాక కూడా మిగిలితే తప్పు నాదే. కమాండ్లన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టండి.

విషయం ఏంటంటే, పోయిన సెమిస్టర్‌లో ఒక్క అక్షరంతో మా బాబాయి రొయ్యల గుంటల లెక్కలు 71 రోజులవి తుడిచిపెట్టేశాను. డాకర్ కంటైనర్లో ఉన్న డేటాబేస్ అది. సంగతి తెలిసిన ఫ్రెండ్స్ అందరూ ఒకే మాట అన్నారు. "అందుకే టెర్మినల్ జోలికి పోవద్దనేది. డాకర్ డెస్క్‌టాప్ యాప్ ఉంది, బటన్లు ఉన్నాయి, నొక్కుకుంటే పోయేదానికి ఆ నల్ల స్క్రీన్ ఎందుకు?" నేను ఆ మాట ఒప్పుకోను. అంత నష్టం జరిగాక కూడా టెర్మినలే నేర్చుకోవాలి అంటున్నాను. కాకపోతే ఇప్పుడు మనం నేర్చుకుంటున్న పద్ధతిలో కాదు.

ముందు కంటైనర్ సంగతి చెప్పాలి. వైవాలో ఎవరిని అడిగినా "ఓడల్లో వచ్చే కంటైనర్ లాంటిదే మేడమ్" అంటారు. మనకి ఆ పోలిక బాగా వంటబట్టడానికి కారణం ఉంది. కృష్ణపట్నం పోర్టు మనకి దగ్గర. ముత్తుకూరు రోడ్డు మీద కంటైనర్ లారీల వెనక బస్సులో కూర్చుని విసుక్కోని వాళ్లు మన కాలేజీలో ఎవరున్నారు? మన తీరం రొయ్యలు ఐస్‌లో గడ్డకట్టి, కరెంటుతో చల్లగా ఉండే కంటైనర్లలోనే విదేశాలకి పోతాయి. 1956లో అమెరికాలో మాల్కమ్ మెక్‌లీన్ అనే లారీల ఓనరు 58 పెట్టెల్ని ఒక ఓడ మీద పెట్టి న్యూవర్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపించాడు. అప్పటిదాకా బస్తా బస్తా దించి, బస్తా బస్తా ఎక్కించేవాళ్లు. పెట్టె కొలత ఒకటే అయితే లోపల రొయ్యలున్నా, బొమ్మలున్నా క్రేన్‌కి అనవసరం. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే బాధ ఉండేది. "నా లాప్‌టాప్‌లో నడుస్తోంది, నీ దాంట్లో ఎందుకు నడవట్లేదో" అని. ప్రోగ్రామ్‌ని, దానికి కావాల్సిన లైబ్రరీలని ఒకే మూటగా కట్టి, ఏ మెషీన్‌లో అయినా అలాగే నడిచేట్టు చేసేదే కంటైనర్. 2013 మార్చిలో సోలమన్ హైక్స్ పైకాన్ సభలో డాకర్‌ని అందరికీ చూపించాడు. దాని లోగోలో తిమింగలం వీపు మీద కంటైనర్లే ఉంటాయి.

పోలిక బాగుంది. నా కొంప ముంచింది కూడా ఈ పోలికే.

ఎందుకంటే పోర్టులో కంటైనర్‌ని పక్కన పడేసినా అది అక్కడే ఉంటుంది. తుప్పు పడుతుంది కానీ మాయమవదు. లోపలి సరుకు లోపలే ఉంటుంది. డాకర్ కంటైనర్ అసలు పెట్టె కాదు. అది నడుస్తున్న ఒక ప్రాసెస్. లైనక్స్ కెర్నెల్ దాని చుట్టూ గోడలు కడుతుంది, అంతే. నేమ్‌స్పేస్ అనే గోడ వల్ల పక్కన ఏముందో దానికి కనపడదు, సీగ్రూప్ అనే గోడ వల్ల ఇంత మెమరీకి మించి తినలేదు. నడుస్తున్న కంటైనర్ల జాబితా చూపించే కమాండ్ పేరు డాకర్ పీఎస్. ఆ పీఎస్ అనే పేరు యూనిక్స్‌లో ప్రాసెస్‌లు చూపించే పాత కమాండ్‌దే. పేరులోనే నిజం ఉంది, మనమే చదవలేదు. కంటైనర్‌ని తీసేస్తే దాని లోపల రాసుకున్నదంతా దానితోపాటే పోతుంది. మిగలాలి అనుకున్నది వాల్యూమ్ అని వేరే చోట పెట్టాలి. ఇదంతా నాకు అప్పుడు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నా. ఎంత తెలుసో ఆ రాత్రి తేలింది.

మా బాబాయికి మైపాడు దగ్గర రెండు రొయ్యల గుంటలు ఉన్నాయి. వనామి వేస్తాడు. సీడ్ వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా నూటపది, నూటఇరవై రోజులు ఆయన సరిగా నిద్రపోడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది, ఆ టైమ్‌లో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయంటే గుంట మొత్తం తేలిపోవచ్చు. అందుకని నాలుగింటికే లేచి డీఓ చూస్తాడు. సాయంత్రం పీహెచ్, ఉప్పు శాతం, ఎంత మేత వేశాడు, చెక్ ట్రేలో ఎంత మిగిలింది చూస్తాడు. ఇదంతా ఒక పొడుగాటి నోటు పుస్తకంలో రాసేవాడు. నేను మినీ ప్రాజెక్టు కోసం ఈ లెక్కల్ని ఒక చిన్న వెబ్ యాప్‌గా చేశాను. ఫ్లాస్క్ ఒక కంటైనర్లో, పోస్ట్‌గ్రెస్ ఒక కంటైనర్లో, రెండింటినీ కలిపి లేపడానికి డాకర్ కంపోజ్. బాబాయి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే నేను ఎక్కించేదాన్ని. గ్రాఫ్ చూపించినప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది. "మేత ఎక్కువేసిన తర్వాతి రోజు డీఓ పడిపోతుండాది చూడు" అని ఆయనే కనిపెట్టాడు. అప్పుడు నేనన్న మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "ఇంకా ఆ నోటు పుస్తకం ఎందుకు బాబాయ్, అంతా ఇందులోనే ఉంటుంది కదా!"

ఆయన రాయడం మానేశాడు.

కాలేజీలో ప్రాజెక్టుల ప్రదర్శనకి ముందు రోజు రాత్రి యాప్ డేటాబేస్‌కి కనెక్ట్ అవ్వడం మానేసింది. ఇలాంటప్పుడు నేను చేసే పని ఒకటే. డాకర్ కంపోజ్ డౌన్ అని దించేసి, డాకర్ కంపోజ్ అప్ అని మళ్లీ లేపడం. డేటా వాల్యూమ్‌లో ఉంటుంది కాబట్టి ఎప్పుడూ ఏమీ పోలేదు. ఆ రాత్రి మాత్రం అసలేం జరుగుతోందో కొంచెం వివరంగా చూద్దామనిపించింది. చాలా కమాండ్లలో మైనస్ వీ అని పెడితే వివరంగా చెప్తాయి. కర్ల్‌లో అంతే, ఎస్ఎస్‌హెచ్‌లో అంతే, పిప్‌లో అంతే. వర్బోస్ అన్నమాట. కాబట్టి డాకర్ కంపోజ్ డౌన్ మైనస్ వీ అని కొట్టాను.

కంపోజ్ డౌన్‌లో వీ అంటే వర్బోస్ కాదు, వాల్యూమ్స్. వాటిని కూడా తీసెయ్ అని అర్థం.

అది "నిజంగానా?" అని అడగలేదు. మామూలుగా వచ్చే లైన్లతోపాటు ఒకటి ఎక్కువ వచ్చింది, వాల్యూమ్ పేరు, పక్కన రిమూవ్డ్ అని. అది నా కళ్లముందే ఉంది, నేను చదివాను కూడా. అడిగినట్టే వివరంగా చెప్తోంది అనుకున్నా. మళ్లీ లేపాను, యాప్ చక్కగా వచ్చింది, గ్రాఫ్ ఖాళీగా ఉంది. ఒక పది నిమిషాలు పేజీ రీఫ్రెష్ చేస్తూ కూర్చున్నా. తర్వాత అర్థమైంది.

పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఏందమ్మాయ్, యాడికి పోయినాయి అన్ని లెక్కలూ?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. పుస్తకం తడిస్తే తడిసిందని తెలుస్తుంది, చిరిగితే చిరిగిందని తెలుస్తుంది. ఒక అక్షరానికి 71 రోజులు ఎట్టా పోతాయో ఆయనకి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. తెలుగులోనే కాదు, ఇంగ్లీషులో కూడా లేవు.

ఇప్పుడు ఫ్రెండ్స్ వాదన దగ్గరికి వద్దాం. అది పూర్తిగా తప్పు కాదు. డెస్క్‌టాప్ యాప్‌లో వాల్యూమ్ తీసేయబోతే ఒక పెట్టె వచ్చి ఖాయమేనా అని అడుగుతుంది. ఆ రాత్రి నేను బటన్ నొక్కి ఉంటే బహుశా ఆగేదాన్ని. ఇది ఒప్పుకోకుండా టెర్మినల్‌ని పొగిడితే అది మోసం.

కానీ బటన్ల మీద ఎంతకాలం బతుకుతాం? విండోస్‌లో డాకర్ డెస్క్‌టాప్ నడవాలంటే మామూలుగా వెనకాల డబ్ల్యూఎస్‌ఎల్ అనే లైనక్స్ వర్చువల్ మెషీన్ లేవాలి. దానికి కావాలంటే ఉన్న ర్యామ్‌లో సగం దాకా తీసుకోవచ్చు. నాది ఎనిమిది జీబీ లాప్‌టాప్. క్రోమ్, వీఎస్ కోడ్, ఆ యాప్ మూడూ తెరిస్తే ఫ్యాన్ శబ్దానికి రూమ్‌లో వాళ్లు లేస్తారు. నాలుగు జీబీ వాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. అమ్మాయిల హాస్టల్లో సాయంత్రం గేటు వేశాక ల్యాబ్‌కి పోలేం, కాబట్టి ఉన్న లాప్‌టాపే దిక్కు. ఉబుంటు వేసుకుని డాకర్ ఇంజిన్ ఒక్కటే పెట్టుకుంటే మధ్యలో ఆ వర్చువల్ మెషీన్ ఉండదు, కంటైనర్లు అదే కెర్నెల్ మీద నడుస్తాయి. అక్కడ ఉండేది కమాండ్లే. రేపు ఉద్యోగంలో ముట్టుకోబోయే సర్వర్లకీ చాలావాటికి స్క్రీన్ ఉండదు.

ఇంకో కారణం ఉంది, నాకు అదే పెద్దది. టెర్మినల్లో ఉన్నదంతా మాటలే కాబట్టి ఫోన్లో చెప్పుకోవచ్చు. ఒకరోజు నా రూమ్మేట్ కంటైనర్ లేవగానే పడిపోతోంది. సెలవులకి ఇంటికెళ్లింది, అక్కడ నెట్ అంతంతమాత్రం, స్క్రీన్ షేర్ చేసే మాటే లేదు. సీనియర్ అన్నకి ఫోన్ చేసింది. "డాకర్ పీఎస్ మైనస్ ఏ కొట్టి స్టేటస్ కింద ఏముందో చదువు" అన్నాడు. మైనస్ ఏ లేకపోతే నడుస్తున్నవే చూపిస్తుంది, పడిపోయినవి చూపించదు. "ఎగ్జిటెడ్, 137 అని ఉంది అన్నా." "మెమరీ చాల్లేదేమో, డాకర్ ఇన్‌స్పెక్ట్‌లో ఓఓఎం కిల్డ్ పక్కన ట్రూ ఉందా చూడు." ఉంది. 137 అంటే 128కి 9 కలిపితే వచ్చేది. తొమ్మిది అంటే కెర్నెల్ పంపించే చంపు సిగ్నల్. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. ఇదే యాప్‌లో అయితే "ఎడమపక్క మూడు చుక్కలున్నాయి చూడు", "ఏ మూడు చుక్కలు?", "పైన కాదు, కింద" అని అరగంట పట్టేది. వెర్షన్ మారితే ఆ చుక్కలు కూడా ఇంకోచోటికి పోతాయి.

ఈ రూమ్మేట్ గురించి ఇంకొంచెం చెప్పాలి, నా అభిప్రాయం మారింది ఈ అమ్మాయి వల్లే. గూడూరు వైపు పల్లెటూరు, వాళ్లకి నిమ్మతోట ఉంది. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. ఫస్టియర్‌లో టెర్మినల్ తెరిస్తే చేతులు వణికేవి. "ఇది మీ ఇంగ్లీష్ మీడియం వాళ్లకే" అనేది. నేను కూడా లోపల అలాగే అనుకున్నాను, దాచడం ఎందుకు. ఇప్పుడు కంటైనర్ల విషయంలో మా బ్యాచ్‌లో ఎవరికి డౌట్ వచ్చినా తన దగ్గరికే పోతారు.

ఎలా అంటే, తను ప్రతి కమాండ్‌నీ తెలియని భాషలో వాక్యంలా తీసుకుంది. ఒక చిన్న నోట్‌బుక్. ఎడమపక్క కమాండ్, కుడిపక్క తెలుగులో అర్థం. ప్రూన్ అనే మాట వచ్చినప్పుడు నేను "అంటే క్లీన్ చేయడం" అని వదిలేశా. తను డిక్షనరీ తీసింది. కొమ్మలు కత్తిరించడం అని ఉంది. "మా తోటలో ఎండుపుల్లలు కోస్తారు, పచ్చికొమ్మలు కొయ్యరు. ఇదీ అంతేనా?" అని అడిగింది. సరిగ్గా అంతే! డాకర్ సిస్టమ్ ప్రూన్ అంటే ఆగిపోయిన కంటైనర్లు, ఎవరూ వాడని నెట్‌వర్కులు, పేరు ఊడిపోయిన ఇమేజ్‌లు, బిల్డ్ క్యాష్ తీసేస్తుంది. నడుస్తున్నదాన్ని ముట్టుకోదు. మైనస్ ఏ పెడితే మాత్రం ఏ కంటైనరూ వాడని ఇమేజ్‌లన్నీ పోతాయి, రేపు కావాల్సినవి కూడా. తను నోట్‌బుక్‌లో "మైనస్ ఏ: ఇప్పుడు కాయని కొమ్మ కూడా కొట్టేస్తుంది" అని రాసుకుంది. ఇంతకంటే బాగా ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

నాకు ఇంగ్లీష్ వచ్చు. అదే నా జబ్బు. రన్ అంటే తెలుసు, స్టార్ట్ అంటే తెలుసు, కిల్ అంటే తెలుసు, వీ అంటే వర్బోస్ అని తెలుసు. తెలిసిన మాటే కదా అని ఆగి చూడలేదు. నిజానికి ఈ మాటలు ఇంగ్లీష్ మాటల్లా కనపడే వేరే భాష. రన్ అంటే నడుపు అనుకుంటాం. డాకర్ రన్ అంటే ఇమేజ్ నుంచి కొత్త కంటైనర్ పుట్టించి నడుపు అని. ఉన్నదాన్ని మళ్లీ లేపేది స్టార్ట్. ఈ తేడా తెలియక నేను ఫస్టియర్‌లో పదిసార్లు రన్ కొట్టి పది కంటైనర్లు పుట్టించి, నా ఫైల్ ఏమైపోయిందని పదకొండోదాంట్లో వెతికాను. స్టాప్, కిల్ కూడా అంతే. స్టాప్ అంటే "సర్దుకుని బయటికి రా" అని ముందు చెప్పి, పది సెకన్లు ఆగి, అప్పటికీ రాకపోతే చంపుతుంది. కిల్ అంటే చెప్పడాలేం లేవు. డేటాబేస్ ఏదో రాస్తూ ఉంటే ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

ఇక ఆ వీ. డాకర్ మైనస్ వీ అంటే వెర్షన్ చెప్తుంది. డాకర్ రన్ మైనస్ వీ అంటే వాల్యూమ్ తగిలిస్తుంది, అంటే డేటాని కాపాడుతుంది. కంపోజ్ డౌన్ మైనస్ వీ అంటే వాల్యూమ్ తీసేస్తుంది. ఒకే అక్షరం ఒకచోట పేరు చెప్తుంది, ఒకచోట కాపాడుతుంది, ఒకచోట చంపుతుంది. తెలుగులో "పెట్టు" అనే మాట అన్నం పెట్టు, దండం పెట్టు, నిప్పు పెట్టు అన్నప్పుడు మూడు రకాలుగా మారుతుంది కదా, ముందున్న మాట చూడకుండా మనం ఎప్పుడైనా అర్థం చెప్పామా? కమాండ్ దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోయిందో. (డిజైన్ చేసినవాళ్లు కూడా కొంచెం ఆలోచించాల్సింది అని నా కోపం నాకుంది. అది వేరే వ్యాసం.)

ఇంకో సరదా విషయం. 2017 జనవరిలో వచ్చిన డాకర్ 1.13లో కమాండ్లని కొత్త వరసలో కూడా రాసుకునేలా మార్చారు. డాకర్ ఆర్ఎం అనే బదులు డాకర్ కంటైనర్ ఆర్ఎం, డాకర్ ఆర్ఎంఐ అనే బదులు డాకర్ ఇమేజ్ ఆర్ఎం. ముందు దేని గురించో చెప్పి తర్వాత ఏం చేయాలో చెప్పడం. "కంటైనర్‌ని తీసెయ్", "ఇమేజ్‌ని తీసెయ్". మన వాక్యం ఇదే వరసలో ఉంటుంది, క్రియ తర్వాతే వస్తుంది. పాత పొట్టి రూపాలు ఇప్పటికీ పనిచేస్తాయి. కానీ నేర్చుకునేవాళ్లకి నేను పొడుగువే చెప్తాను. ఏ వస్తువు మీద చెయ్యి వేస్తున్నామో నోటితో అన్నాక ఒక క్షణం ఆలోచిస్తాం.

అసలు గొడవ మన ల్యాబ్ పద్ధతితో. అన్ని చోట్లా ఇదే అని విన్నాను కాబట్టి ఒక్క కాలేజీని అనడం లేదు. రికార్డ్‌లో కమాండ్లు చేత్తో రాయాలి. బోర్డు మీద ఉన్నది దించుతాం, అవుట్‌పుట్ సీనియర్ రికార్డ్‌లోంచి దించుతాం, సంతకం పడుతుంది. వైవాలో సింటాక్స్ అడుగుతారు, అప్పజెప్తాం. చిన్నప్పుడు స్కూల్ ప్రార్థనలో అర్థం తెలియని శ్లోకాలు చదివినట్టే. శ్లోకం తప్పు చదివితే ఏమీ అవదు. ఇక్కడ అవుతుంది. ఇప్పుడు ఏఐని అడిగి కమాండ్ కాపీ కొట్టేవాళ్లు ఎక్కువయ్యారు. నేనూ కొడతాను. అర్థం చూడకుండా కాపీ కొట్టిన కమాండ్ కూడా బటనే. ఇంకా చెప్పాలంటే "ఖాయమేనా" అని కూడా అడగని బటన్. కాబట్టి బటన్లు వద్దు, కమాండ్లే అని ఊరికే అంటే చాలదు.

నేను అడిగేది చాలా చిన్నది. రికార్డ్‌లో అవుట్‌పుట్ అతికించే బదులు ప్రతి కమాండ్ పక్కన రెండు గడులు పెట్టండి. ఒకదాంట్లో, ఇది ఏం చేస్తుందో సొంత మాటల్లో, తెలుగైనా పర్లేదు, మిక్స్ చేసినా పర్లేదు. రెండోదాంట్లో, ఇది కొట్టాక ఏం మిగులుతుంది, ఏం పోతుంది. కంటైనర్ ఆర్ఎం: ఇమేజ్ మిగులుతుంది, పేరున్న వాల్యూమ్ మిగులుతుంది, లోపల రాసింది పోతుంది. కంపోజ్ డౌన్: కంటైనర్లు, నెట్‌వర్క్ పోతాయి, వాల్యూమ్ మిగులుతుంది. కంపోజ్ డౌన్ మైనస్ వీ: వాల్యూమ్ పోతుంది. ఈ రెండో గడి నేను ఒక్కసారి నా చేత్తో నింపి ఉంటే ఆ రాత్రి నా వేలు ఆగేది.

ఈ మాట ఒక సార్‌తో అంటే, "కంపెనీల్లో అంతా కుబర్నెటీస్ అమ్మా, డాకర్ కమాండ్లు బట్టీ పడితే ఏం లాభం?" అన్నారు. మంచి ప్రశ్న. కుబర్నెటీస్ 2022లో 1.24 వెర్షన్ నుంచి డాకర్‌తో నేరుగా మాట్లాడే భాగాన్ని తీసేసింది, నిజమే. కానీ డాకర్‌తో కట్టిన ఇమేజ్‌లు అక్కడ అలాగే నడుస్తాయి. పాడ్‌మన్ అని ఇంకో టూల్ ఉంది, అందులో డాకర్ అన్నచోట పాడ్‌మన్ అని పెడితే చాలా కమాండ్లు అవే. లాగ్స్, ఎగ్జెక్, ఇన్‌స్పెక్ట్ అనే మాటలు ఎక్కడికి పోయినా ఏదో రూపంలో ఎదురొస్తాయి. బట్టీ పట్టినవాళ్లకి టూల్ మారితే కొత్త బట్టీ, అర్థం తెలిసినవాళ్లకి యాస మారుతుంది అంతే. నెల్లూరు మనిషి శ్రీకాకుళం వెళ్తే మొదటి రోజు తికమకపడతాడు, ఆకలికి మాత్రం చావడు కదా.

ల్యాబ్ గురించి ఇంకొకటి, ఇది టీచర్ల తప్పు కాదు. 2020 నవంబర్ నుంచి డాకర్ హబ్ లాగిన్ కాకుండా ఇమేజ్‌లు దించుకునేవాళ్లకి హద్దు పెట్టింది, ఒక్కో ఐపీ అడ్రస్‌కి ఆరు గంటల్లో వంద. ల్యాబ్ మొత్తం బయటికి ఒకే ఐపీతో పోతుంది. అరవై మంది తలా మూడు ఇమేజ్‌లు లాగితే 180. సగం మందికి రాగానే టూ మెనీ రిక్వెస్ట్స్ అని ఎర్రర్. మిగతా సగం "మా సిస్టమ్ పాడైంది సార్" అని చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఆ ఎర్రర్ ఏం చెప్తోందో చదివిన మనిషి నా రూమ్మేట్ ఒక్కటే. విరుగుడు కూడా కమాండ్లలోనే ఉంది. డాకర్ సేవ్ అంటే ఇమేజ్‌ని ఒక టార్ ఫైల్‌గా రాస్తుంది, డాకర్ లోడ్ అంటే ఆ ఫైల్‌ని ఇంకో సిస్టమ్‌లో ఎక్కిస్తుంది. ఒక్కరు దించి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, బెంచీ బెంచీకి తిప్పారు. నెట్ అవసరమే రాలేదు. పైథాన్ పూర్తి ఇమేజ్ ఒక జీబీ దాకా ఉంటుంది, స్లిమ్ అని ఉన్నది తీసుకుంటే అందులో చిన్న వంతే, పెన్‌డ్రైవ్‌కి అది నయం.

బాబాయి లెక్కల సంగతి చెప్పకుండా ఆపితే మీరు తిడతారు. వాయిస్ మెసేజ్‌లు వాట్సాప్‌లో ఉన్నాయి కదా, రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటే విని మళ్లీ ఎక్కించాను. వెనకాల ఏరియేటర్ల చప్పుడు, మధ్యలో దగ్గు, "ఈరోజు వాన పట్టింది, మేత తగ్గించినా" అని ఆయన గొంతు. తొమ్మిది రోజులవి దొరకలేదు, అవి ఫోన్లో మాట్లాడుతూ చెప్పినవి. గ్రాఫ్‌లో ఆ తొమ్మిది రోజులు ఖాళీగానే వదిలేశాను, అంచనా వేసి నింపబుద్ధి కాలేదు. ఇప్పుడు రోజూ రాత్రి పదకొండింటికి డాకర్ ఎగ్జెక్‌తో పోస్ట్‌గ్రెస్ కంటైనర్ లోపల పీజీ డంప్ నడిచి, లెక్కలన్నీ మామూలు టెక్స్ట్ ఫైల్‌గా కంటైనర్ బయట పడతాయి. ఆ లైన్ నేనే రాశాను, అందులో ప్రతి అక్షరానికీ అర్థం చెప్పగలను.

బాబాయి ఆ వారమే కొత్త నోటు పుస్తకం కొన్నాడు. ఈసారి నేనేమీ అనలేదు.

శనివారం నాలుగింటికి మన క్లబ్ రూమ్‌లోనే నా రూమ్మేట్, నేను కలిసి కూర్చుంటాం. రావాలనుకున్నవాళ్లు ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, గీతలున్న నోట్‌బుక్ ఒకటి తెచ్చుకోండి. నాలుగు జీబీ లాప్‌టాప్ అయినా పర్లేదు. ఇమేజ్‌లు మా దగ్గర ఉన్నాయి, ఆల్పైన్, పైథాన్ స్లిమ్, పోస్ట్‌గ్రెస్. పెన్‌డ్రైవ్‌లో ముఖ్యమైనవి ఉంటే మాత్రం ముందే వేరేచోట కాపీ చేసుకుని రండి. మొదటి గంట లాప్‌టాప్ తెరవనివ్వం, నోట్‌బుక్‌లో గడులు గీసుకోవడమే.